వేడి మీదనే వంగే రొట్టె



డిసెంబరు నెల వచ్చిందంటే మన పల్లెల్లో క్రైస్తవుల ఇండ్లను వాసనను బట్టి గుర్తుపట్టవచ్చు. ఒక ఇంట్లో కొత్త సున్నం వాసన, పక్క ఇంట్లో అరిసెల పాకం వాసన, ఆ పైయింట్లో నూనెలో వేగుతున్న గులాబి పువ్వుల వాసన. ఈ నెల మేము మీకు వేరే దేశపు వంటింటి సంగతి ఒకటి చెప్పదలచుకున్నాము. పాస్టరుగారికి వంటింటితో పని ఏమిటని మన స్త్రీల సమాజపు సహోదరీలు నవ్వవచ్చు. నవ్వండి, కాని చివరి వరకు చదవండి. ఎందుకంటే ఈ సంగతి ఎక్కడో నార్వే దేశపు పొయ్యి దగ్గర మొదలై, మా స్వంత అన్నగారి గడప దగ్గర ముగిసింది.

2018వ సంవత్సరం నవంబరు చివరి వారంలో, అక్కడి ఒక సంఘము వారి ఆహ్వానముపై నార్వే దేశములోని స్టావంగర్ పట్టణమునకు వెళ్ళే భాగ్యము మాకు కలిగింది. సుమారు 3 వారములు ఉన్నాము. ఆ పట్టణం దేశానికి నైరుతి మూలన సముద్రపు ఒడ్డున ఉన్నది. మనం మంచు ఊహించుకుంటాము గాని, మేము వెళ్ళినప్పుడు అక్కడ ఎక్కువగా చూచింది వాన, గాలి, చీకటి. డిసెంబరులో అక్కడ ఉదయం 9 గంటలు దాటితే గాని సూర్యుడు కనబడడు. మధ్యాహ్నం మూడున్నర దాటగానే మళ్ళీ అస్తమిస్తాడు. ఇంకా ఉత్తరాన ట్రోమ్‌సో అనే పట్టణంలోనైతే నవంబరు చివరి నుండి జనవరి నడిమి వరకు సూర్యుడు ఉదయించనే ఉదయించడు. సూర్యుడస్తమించే లోపల కోపము చల్లార్చుకొనవలెనని పౌలు భక్తుడు ఎఫెసీ సంఘమునకు వ్రాసిన మాట (4:26) మీకు తెలుసు గదా. ఆ ఊళ్ళో కోపము పెట్టుకొనడానికి పగలు ఎంత తక్కువో అని మాలో మేము నవ్వుకున్నాము. ఆ నవ్వు తరువాత మాకే గుచ్చుకున్నది. అది ముందు చెబుతాము.

మాకు బస ఇచ్చినది 78 యేండ్ల ఒక తల్లి. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు, ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతారు. భర్త చనిపోయి నాలుగేండ్లయింది. ఒక కుమార్తె ఓస్లోలో, కుమారుడు అమెరికాలో. ఆ దేశంలో పెద్దవారిని కూడా పేరు పెట్టే పిలుస్తారు. మమ్ములను కూడా అలాగే పిలువుమన్నారు గాని మా నోరు రాలేదు. "మా దేశంలో మీ వయస్సువారిని అమ్మా అంటాము" అని చెప్పి, ఉన్నన్నాళ్ళు అలాగే పిలిచాము. ఆమెకు ఆ పిలుపు నచ్చింది.

ఆగమన కాలపు మొదటి శనివారం ఉదయం ఆమె మమ్ములను వంటింట్లోకి పిలిచి, "ఈ రోజు మీకు పని ఉంది. చేతులు కడుక్కొని రండి" అన్నారు.

నార్వే కుటుంబములలో క్రిస్మస్‌కు 7 రకముల తీపి రొట్టెలు చేయడం పాత ఆచారము. ఆ 7 ఏవేవి అంటే అందరూ ఒప్పుకొన్న జాబితా ఒకటి లేదు. ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క విధంగా లెక్క చెబుతుంది. కొన్ని రొట్టెలను చిన్న చిన్న గిన్నెలలో ఒత్తి కాలుస్తారు. ఫత్తిగ్‌మన్ అనే దానిని మన గవ్వలు వేయించినట్లు నూనెలో వేయిస్తారు. ఆ పేరుకు బీదవాడు అని అర్థం, కాని దానిలో పడే గుడ్లు, మీగడ చూస్తే ధనవంతుడు కూడా బీదవాడు కావలసిందే. గోరో అనే దానిని నలుచదరపు అచ్చులో కాలుస్తారు. వీటన్నిటిలోను చూపుకు అందమైనది క్రుమ్‌కాకె. క్రుమ్ అంటే వంగిన, కాకె అంటే రొట్టె. వంగిన రొట్టె.

మనం శనగలు పొట్లం కట్టించుకొనేటప్పుడు కాగితాన్ని ఎలా చుడతారో క్రుమ్‌కాకె అదే ఆకారములో ఉంటుంది. పలుచన, కరకర, లేత బంగారు రంగు. పైన ముగ్గు వేసినట్లు పువ్వులు, తీగెలు అచ్చుపడి ఉంటాయి. ఆ అచ్చు వేసేది రెండు గుండ్రని ఇనుప పలకలు. ఒక ప్రక్క మడత బందు, రెండవ ప్రక్క పిడి. లోపలి వైపున రెండు పలకలకు చెక్కడం పని. పిండి వేసి పలకలు మూస్తే రెండు వైపులా ఒకేసారి కాలుతుంది. పూర్వం దీనిని కట్టెల పొయ్యి మీద పెట్టి, ఒక వైపు కాలగానే తిప్పి రెండవ వైపు కాల్చేవారు. ఆమె నాయనమ్మ వాడిన అచ్చుపెనము వంటింటి గోడకు వేలాడుతున్నది. చేతిలోకి తీసుకొని చూచాము. మన దోసె పెనములు రెండు కలిపినంత బరువున్నది. ఇప్పుడు చాలా ఇండ్లలో కరెంటు అచ్చులు వచ్చాయి. ఆమె కూడా కుమార్తె కొనిచ్చిన కరెంటు అచ్చే వాడుతున్నారు. అందులో ఒకేసారి రెండు కాలుతాయి.

ఈ పనిముట్టు చూడగానే మాకు వేదాంత కళాశాలలో చదివిన సంగతి జ్ఞాపకము వచ్చింది. మధ్య యుగములలో ఐరోపా సంఘములలో ప్రభు భోజనము కొరకు పులియని పలుచని రొట్టెను ఇలాగే రెండు ఇనుప పలకల మధ్య కాల్చేవారు. పలకల మీద సిలువ గుర్తు మొదలైనవి చెక్కేవారు. ఇండ్లలోని ఈ అచ్చుపెనము ఆ గుడిలోని పెనమునకు బంధువే. మన తెలుగు బైబిలులో అపూపము అనే మాట ఉన్నది. నిర్గమకాండము 16వ అధ్యాయములో మన్నా రుచి ఎలాగున్నదో చెప్పడానికి తేనె కలిసిన అపూపములతోనే పోల్చారు. ఆ మాట చదివినప్పుడెల్లా ఏమి రొట్టె అయి ఉంటుందా అనుకొనేవారము. ఇలాంటి పలుచని రొట్టె ఏదో అయి ఉండవచ్చునని ఆ రోజు మాకు తోచింది.

పిండి కలిపే విధానము సహోదరీలు తప్పక అడుగుతారు గనుక చెబుతున్నాము. కొలత చాలా సులువు. గుడ్లు, పంచదార, వెన్న, మైదా నాలుగూ సమాన బరువు. 3 గుడ్లు అయితే మిగిలినవి ఒక్కొక్కటి 150 గ్రాములు. గుడ్లు, పంచదార నురుగు వచ్చేవరకు బాగుగా గిలకొట్టాలి. వెన్న కరిగించి, చల్లారనిచ్చి పోయాలి. మైదా జల్లించి కలపాలి. అర చెంచా ఏలకుల పొడి వేసి, అరగంట అలా ఉంచాలి. పిండి మరీ చిక్కబడితే కొద్దిగా నీళ్ళు పోయవచ్చు.

ఆమె ఏలకుల సీసా మూత తీయగానే వంటిల్లంతా మన ఊరి వాసన వచ్చింది. పడమటి కనుమల నీడలో పుట్టిన మన దక్షిణ దేశపు పంట అది. అంత దూరము వెళ్ళి, ఆ చలి దేశములో క్రిస్మస్ వాసన అయి కూర్చున్నది. "అమ్మా, ఇది మా దేశపు మొక్క" అన్నాము. "అయితే మీరు మా ఇంటికి రాకముందే మీ దేశం వచ్చింది" అన్నారామె.

కాల్చడము చూస్తే ఎంతో సులువనిపించింది. వేడెక్కిన పలక మధ్యలో ఒక గరిటెడు పిండి. మూత వేసి మెల్లగా నొక్కాలి. అర నిముషం నుండి నిముషం లోపల లేత బంగారు రంగు వస్తుంది. పలుచని కత్తితో అంచు లేపి, బల్ల మీదికి తీయాలి. అంతే. అసలు పని అక్కడ మొదలవుతుంది.

పెనము మీద నుండి తీసిన క్రుమ్‌కాకె తడి బట్టవలె మెత్తగా ఉంటుంది. దానిని వెంటనే ఒక చెక్క కోనుకు చుట్టాలి. ఎంత వెంటనే అంటే, లోపల 10 లెక్కపెట్టుకొనేంత సమయము కూడా ఉండదు. తరువాత అది బిగుసుకుంటుంది. దీనికి కారణము పంచదార. వేడిలో పంచదార కరిగి మెత్తగా ఉంటుంది. చల్లారితే గాజువలె గట్టిపడుతుంది. మన పల్లీ పట్టీలు చేసేవారికి ఇది బాగా తెలుసు. పాకము వేడిగా ఉండగానే కర్రతో ఒత్తి, గీతలు కోయాలి. చల్లారిన తరువాత కోయబోతే ముక్కలు ముక్కలుగా పగులుతుంది.

"ఇది ఇద్దరు చేసే పని" అని ఆమె చెప్పారు. "ఒకరు పెనము దగ్గర, ఒకరు కోను దగ్గర. ఒక్కరే చేయవచ్చు గాని, ఏదో ఒకటి పాడవుతుంది. చేతిలోది చూచుకుంటే పెనములోది మాడుతుంది. పెనములోది చూచుకుంటే చేతిలోది గట్టిపడుతుంది."

47 యేండ్లు ఆమె కాలుస్తూ ఉంటే ఆమె భర్త చుట్టేవారట. పెద్ద పెద్ద వేళ్ళు, కాలినా మాట్లాడేవారు కాదట. ఆయన పోయిన తరువాత రెండు క్రిస్మస్‌లకు ఆమె అచ్చు బయటికి తీయలేదు. అంగడిలో కొన్న డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారట. మూడవ యేట ప్రక్క ఇంటి ఆమె తానే వచ్చి, "కోను నాకు ఇవ్వండి" అన్నదట. ఈ యేడు ఆ కోను మా చేతికి వచ్చింది.

మొదటి రెండు ఆమె చుట్టి చూపించారు. తరువాతి రెండు మా ముందు పెట్టారు. మేము ఏమి చేశామంటే, మా పిల్లలకు చూపించడానికి ఫోను తీసి ఫోటో తీశాము. ఒకటి కాదు, రెండు. ఫోను జేబులో పెట్టి, రొట్టె కోను మీదికి వంచబోయాము. అది పటుక్కున విరిగింది. రెండవది ముట్టుకొని చూస్తే అప్పడమువలె బిగుసుకొని ఉన్నది. మాకు సిగ్గు వేసింది.

ఆమె ఏమీ అనలేదు. విరిగిన దానిని ఒక గిన్నెలో వేశారు. "ఇది పారవేయము. మీగడ గిలకొట్టి, మంచు ప్రాంతపు పసుపు పచ్చని ముల్టె పండ్లు కలిపి, పైన దీనిని నలిపి తింటాము" అన్నారు. తరువాత బిగిసిన రెండవ దానిని చేతిలోకి తీసుకొని, మళ్ళీ పెనము మీద పరచి, మూత పూర్తిగా వేయకుండా కొన్ని క్షణాలు ఆగారు. తీసేసరికి అది మళ్ళీ మెత్తగా వంగుతున్నది. కోనుకు చుట్టి మా చేతిలో పెట్టారు. మిగిలిన వాటికంటె కొంచెము రంగు ముదిరింది, అంచు దగ్గర చిన్న చీలిక ఉన్నది. కాని అది క్రుమ్‌కాకె అయింది.

"గట్టిపడిందని అనుకుంటాము. మళ్ళీ వేడి దగ్గరకు తీసుకొని వెళ్ళాలి. అంతే" అన్నారామె. ఆమె రొట్టె సంగతే చెప్పారు. మాకు మాత్రము ప్రసంగము వినబడింది.

మధ్యాహ్నము పని అయిన తరువాత కాఫీ త్రాగుతూ ఆమె చాలా సంగతులు చెప్పారు. 1825 జూలై 4వ తేదీన రెస్టొరేషన్ అనే చిన్న ఓడలో 52 మంది ఇదే స్టావంగర్ రేవు నుండి అమెరికాకు బయలుదేరారు. నార్వే నుండి అమెరికాకు గుంపుగా సాగిన వలస అక్కడే మొదలైంది. 2025లో దానికి 200 యేండ్లు నిండాయి. ఆ తరువాతి నూరేండ్లలో సుమారు 8 లక్షల మంది ఆ దేశము విడిచి వెళ్ళారు. వెళ్ళిన కుటుంబముల పెట్టెలలో బైబిలు, పాటల పుస్తకముతో పాటు ఈ బరువైన అచ్చుపెనములు కూడా వెళ్ళాయి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1946లో నార్డిక్ వేర్ అనే సంస్థ మొదలైనప్పుడు, వారు తయారు చేసిన తొలి సరుకులలో క్రుమ్‌కాకె అచ్చు ఒకటి. మూడు తరములు దాటి భాష మరచినవారు కూడా ఈ రొట్టె మరువలేదు. గల్ఫ్‌కు, హైదరాబాదుకు బిడ్డలను పంపి డబ్బాలలో పిండివంటలు సర్దే మన తల్లులకు ఈ మాట వేరే చెప్పనవసరము లేదు.

అదే పట్టణములో 1842లో నార్వే మిషనరీ సంఘము స్థాపించబడింది. అదే 1842లో మన గుంటూరుకు హయ్యర్ అయ్యగారు వచ్చారని మీలో చాలామందికి తెలుసు. ఆ కాలములోనే లింగ్‌డాల్ అనే చోట గుస్తావా కీలండ్ అనే పాస్టరుగారి భార్య స్త్రీలను కూర్చి, సువార్త పని కొరకు నూలు వడకడము, అల్లడము మొదలుపెట్టింది. ఆ దేశపు స్త్రీల సువార్త సమాజములకు ఆమెను తల్లి అంటారు. ఇప్పటికీ అక్కడ క్రిస్మస్‌లో పాడుకొనే ఒక ఆనంద గీతము కూడా ఆమె వ్రాసినదే. మా ఆతిథ్యమిచ్చిన తల్లి అలాంటి ఒక సమాజములో సభ్యురాలు. కాల్చిన క్రుమ్‌కాకెలలో ఒక డబ్బా ఆ సమాజపు అమ్మకమునకు ప్రక్కన పెట్టారు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారి దేవుని కొరకు గుప్పెడు బియ్యము తీసి ఉంచే మన సహోదరీలు మాకు జ్ఞాపకము వచ్చారు.

చివరిగా ఆమె బల్ల సొరుగు తెరచి, తరువాతి వారము చేయబోయే రొట్టె అచ్చు చూపించారు. పొడుగు కాడ, చివర పువ్వు. ఆ కాడ చేతిలోకి తీసుకొన్న మాకు నోట మాట రాలేదు. అది గులాబి పువ్వుల అచ్చు. మా అమ్మ అచ్చు. వారు దానిని రోసెట్ అంటారు. మనవలెనే నూనెలో కాచి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెడతారు.

ప్రియులారా, ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పడానికి మాకు సంతోషము లేదు. అయినా చెప్పకపోతే ఈ వ్యాసము వంటల పేజీ అవుతుంది.

మా అమ్మగారు 2008లో ప్రభువునందు నిద్రించారు. ఆమె బ్రతికి ఉన్నంతకాలము డిసెంబరు 20 దాటగానే మా అన్నయ్య కుటుంబము, మా కుటుంబము ఆమె ఇంటికి చేరేవారము. ఆమె ఇత్తడి అచ్చు పట్టుకొని నూనె దగ్గర కూర్చునేవారు. వదిన పిండి అందించేది. మా భార్య వేగిన పువ్వులను పుల్లతో తీసేది. అమ్మ పోయిన తరువాత పొలము పంచుకొన్నాము. రెండు భాగముల మధ్య గట్టు దగ్గర 2 సెంట్ల స్థలమునకు మాటా మాటా వచ్చింది. 2009లో అమ్మ జ్ఞాపకార్థ కూడిక రోజు సాయంత్రము, అందరూ వెళ్ళిన తరువాత, అన్నయ్య మా గడప దాకా వచ్చి నిలుచున్నాడు. "తమ్ముడూ, ఒక మాట" అన్నాడు. లోపల మా అతిథి బోధకులు భోజనానికి కూర్చొని ఉన్నారు. "రేపు మాట్లాడదాము" అన్నాము.

రేపు అన్నయ్య రాలేదు. మేమును వెళ్ళలేదు. ఆ తరువాత దారిలో ఎదురైతే అన్నయ్య మమ్ములను తమ్ముడూ అని పిలవడము మానేశాడు. ఊరివారు పిలిచినట్లు "అయ్యగారూ, వందనాలు" అని తప్పుకొని వెళ్ళేవాడు. ఆ వందనములు కొరడా దెబ్బలవలె తగిలేవి. 9 యేండ్లు గడిచాయి. ఆ 9 యేండ్లు మేము ప్రతి క్రిస్మస్‌కు బలిపీఠము దగ్గర నిలిచి సమాధానమును గూర్చి ప్రసంగించాము. అమ్మ అచ్చు మా ఇంట్లో పెట్టె అడుగున పడి ఉన్నది. అర్పణ తెచ్చినవాడు సహోదరుని మనస్సు నొచ్చినదని జ్ఞాపకము వస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు అతనితో సమాధానపడవలెనని ప్రభువు నేర్పిన మాట (మత్తయి 5:23, 24) ఇతరులకు మేము ఎన్నిసార్లు చెప్పామో లెక్క లేదు.

ఆ రాత్రి స్టావంగర్‌లో మాకు నిద్ర పట్టలేదు. వంగవలసిన క్షణములో మేము వేరే పని చూచుకొన్నాము. అప్పుడు అన్నయ్య మనస్సు మెత్తగా ఉన్నది. గడప దాకా వచ్చాడు. ఒక్క నిముషము లేచి వెళ్ళి చేయి పట్టుకొంటే చాలును. మేము ఆలస్యము చేశాము. అది చల్లారింది, గట్టిపడింది. ఇక వంచబోతే విరుగుతుందని భయపడి 9 యేండ్లు ముట్టుకొనలేదు. గట్టిపడిన దానిని బలవంతముగా వంచకూడదు, మళ్ళీ వేడి దగ్గరకు తీసుకొని వెళ్ళాలి అని ఆ తల్లి చేతులు మాకు చూపించాయి. పగలు మేము నవ్వుకొన్న సూర్యాస్తమయపు మాట ఆ చీకటిలో మా మీదికే తిరిగి వచ్చింది. మా కోపము మీద అస్తమించిన సూర్యుళ్ళు ఎన్ని వేలో!

డిసెంబరు 18న తిరుగు ప్రయాణమైనాము. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రము 5 గంటలకు ఆ దేశములోని గుడి గంటలన్నీ మ్రోగి పండుగను పిలుస్తాయట. అది వినవలెనని ఆశ ఉన్నా ఆగలేదు. ఇల్లు చేరిన మరునాడు పెట్టె అడుగు నుండి అచ్చు తీసి, చింతపండుతో తోమి, భార్యాపిల్లలను వెంటబెట్టుకొని మా స్వగ్రామమునకు వెళ్ళాము.

అన్నయ్య అరుగు మీద కూర్చొని ఉన్నాడు. "అయ్యగారూ, వందనాలు" అని లేచాడు. మేము దారి పొడుగునా సిద్ధము చేసుకొన్న మాటలన్నీ మరచిపోయాము. "అన్నయ్యా, ఆ రోజు నీవు గడప దాకా వచ్చావు. నేను లేచి రాలేదు. తప్పు నాది" అన్నాము. అన్నయ్య బదులు పలకలేదు. చాలాసేపు నేల చూస్తూ ఉన్నాడు. మా భార్య చేతిలోని గుడ్డ మూట చూచి వదిన లోపలి నుండి వచ్చింది. మూట విప్పి అచ్చు చూచింది. ఏమీ అడుగకుండా, "పిండి నానబెట్టాలంటే పొద్దుపోతుంది, రా" అని మా భార్యను లోపలికి తీసుకొని వెళ్ళింది.

ఆ సాయంత్రము నూనె దగ్గర వదిన కూర్చున్నది. మొదటి పువ్వు అచ్చుకే అంటుకొని పోయింది. రెండవది సగము విరిగి నూనెలో పడింది. మా పిల్లలు నిరాశపడ్డారు. వదిన తల ఎత్తకుండానే, "ఎన్నేండ్లయిందో వాడి! అచ్చు బాగా కాగాలి" అన్నది. మూడవది విడివడింది. ఆ మాట విని అన్నయ్య మా వైపు చూచాడు. "కూర్చో తమ్ముడూ, ఎంతసేపు నిలుచుంటావు?" అన్నాడు.

గట్టు సంగతి ఆ రోజు ఎవ్వరూ ఎత్తలేదు. 2019లో సర్వేయరుగారిని పిలిచి కొలిపించాము. ఆ 2 సెంట్లు అన్నయ్య భాగములోనివేనని తేలింది. 9 యేండ్లు మేము న్యాయమని అనుకొన్నది న్యాయము కాదు. ఆ సంగతి కొలతకు ముందే సమాధానపడినందుకు దేవునికి స్తోత్రము. కొలత తరువాత వెళ్ళి ఉంటే అది సమాధానము కాదు, ఓటమి అయ్యేది. అన్నయ్యకును మాకును ఇప్పటికీ అభిప్రాయ భేదములు లేకపోలేదు. అంచు దగ్గర ఆ చిన్న చీలిక ఉండనే ఉన్నది. కాని ప్రతి డిసెంబరులో అచ్చు రెండు ఇండ్ల మధ్య తిరుగుతున్నది.

ప్రియ తల్లిదండ్రులారా, క్రుమ్‌కాకె చేయడానికి ఆ అచ్చుపెనము మనకు లేదు. దోసె పెనము మీద ప్రయత్నించి పిండి పాడు చేసుకొనవద్దు. మన గులాబి పువ్వులు మనకు చాలును. కాని ఆ వంటింటి పద్ధతి మన ఇంటికి తెచ్చుకొనవచ్చు. పిండివంట ఒక్కరి మీద వేయకండి. తల్లి ఒక్కతే పొగలో కూర్చొని, మిగిలినవారు టీవీ దగ్గర కూర్చుంటే చేతిలోది గట్టిపడుతుంది, పొయ్యి మీదిది మాడుతుంది. భర్తలు, కుమారులు కూడా చేయి వేయండి. వేళ్ళు కాలినా ఫరవాలేదు. మీ వీధిలో తోడు పోయి, ఈ యేడు మూకుడు దింపని విధవరాలు ఎవరైనా ఉంటే, ఆమె పిలిచేవరకు ఆగకండి. స్టావంగర్‌లో ఆ ప్రక్కింటి ఆమెవలె మీరే వెళ్ళి, "అచ్చు నాకివ్వండి" అనండి.

బిడ్డ తప్పు చేసి మీ దగ్గరకు వచ్చి నిలుచున్న వేళ, భార్య కన్నీళ్ళు పెట్టుకొన్న వేళ, అన్నదమ్ముడు గడప దాకా వచ్చిన వేళ, అది పెనము మీద నుండి తీసిన క్షణము. రేపు అనకండి. ఇప్పటికే చల్లారిపోయిందా? విరుగుతుందని భయపడి దూరముగా ఉంచకండి. మళ్ళీ దగ్గరకు వెళ్ళండి. దేవుడు కూడా మనము మెత్తబడి వచ్చేవరకు పరలోకములో కూర్చొని ఎదురుచూడలేదు. ఆయనే బేత్లెహేముకు వచ్చాడు. క్రిస్మస్ అంటే అదే గదా.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక్క పేరు జ్ఞాపకము చేసికొనండి. పండుగ లోపల ఆ గడపకు వెళ్ళండి. వెళ్ళేటప్పుడు చేతిలో నాలుగు గులాబి పువ్వులు తీసుకొని వెళ్ళండి. విరిగినవైనా సరే.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబములను దీవించును గాక. ఆమెన్.